ఒక్క రోజులో ఏజెన్సీ చుట్టేయడం గురించి

సెమిస్టర్ పరీక్షలు అయ్యాయంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "వైజాగ్ – అరకు – పాడేరు – చింతపల్లి – లంబసింగి – నర్సీపట్నం – వైజాగ్. వన్ డే. తెల్లవారుజామున నాలుగున్నరకి స్టార్ట్. తలకి ఇంత." కింద వరసగా పది బొటనవేళ్ళు.

ఈ ప్లాన్ మీద నాకో అభిప్రాయం ఉంది. ఈ ప్లాన్ బాగోలేదు. కొండలకి వెళ్ళొద్దని కాదు, వెళ్ళాల్సిందే. కానీ ఒక ఘాట్ ఎక్కి, రోజంతా కొండ రోడ్డు మీద తిరిగి, చీకట్లో ఇంకో ఘాట్ దిగడం మన ప్రాణాలకి మంచిది కాదు. ఆ ఊళ్ళకి కూడా దాని వల్ల ఒరిగేదేమీ లేదు. చివరికి మనం ఏం చూడాలని వెళ్ళామో అది కూడా సరిగ్గా చూడం. ఈ మూడూ విడివిడిగా చెప్తాను. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయండి.

ఊరికే కూర్చుని అనడం లేదు. పోయిన నవంబర్ చివర్లో మేం ఏడుగురం, నలుగురు అమ్మాయిలు ముగ్గురు అబ్బాయిలు, బండీ డ్రైవర్ మాట్లాడుకుని ఈ మొత్తం చుట్టు తిరిగొచ్చాం. మా ఇంట్లో పర్మిషన్ ఇచ్చింది కూడా రాత్రి బయట ఉండటం లేదన్న ఒక్క కారణంతోనే. అంటే అమ్మ లెక్కలో వన్ డే అంటే సేఫ్. నా వాదన సరిగ్గా దానికి రివర్స్.

ముందు మన సబ్జెక్టు భాషలోనే చెప్తాను. డైక్‌స్ట్రా ఆల్గారిథమ్ అందరం ల్యాబ్‌లో రాసినవాళ్ళమే. ఊళ్ళు నోడ్‌లు, రోడ్లు ఎడ్జ్‌లు, ప్రతి ఎడ్జ్‌కి ఒక వెయిట్. ఆల్గారిథమ్‌లో తప్పుండదు. వెయిట్ తప్పు ఇస్తే ఆన్సర్ తప్పొస్తుంది, అంతే. ఈ ప్లాన్ వేసేవాళ్ళు వెయిట్ కింద పెట్టేది కిలోమీటర్లు. చుట్టూ కలిపితే 300 కిలోమీటర్ల పైచిలుకు. "హైవే మీద అయితే ఆరు గంటలు కదా, ఇక్కడ తొమ్మిది వేసుకో" అంటారు. వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకపోయినా మూడు గంటల పైనే పడుతుంది. సముద్రం పక్కన బయల్దేరిన బండి బొడ్డవర దాటాక కొండెక్కడం మొదలుపెట్టి, 900 మీటర్లకి పైనున్న లోయకి చేరాలి మరి. అసలు కిలోమీటర్లలోనూ టైములోనూ కనపడని వెయిట్ ఇంకోటి ఉంది. అది స్టీరింగ్ పట్టుకున్న మనిషి అలసట. అది పొద్దున ఒకలా ఉండదు, సాయంత్రం ఇంకోలా ఉంటుంది. ఒకే ఎడ్జ్, ఎనిమిది గంటల తరవాత వెయిట్ మారిపోతుంది. అలాంటి గ్రాఫ్ మనకి సిలబస్‌లో లేదు.

మా బండి నడిపిన బాబాయ్ ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డు మీదే తిరుగుతున్నారట. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మావాళ్ళలో ఒకడు "బాబాయ్, ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా?" అని అడిగాడు. "ఎక్కడం ఇంజిను పని బాబూ. దిగడమే నా పని" అన్నారు ఆయన.

ఆ మాట వెనక ఫిజిక్స్ ఉంది. దిగేటప్పుడు బండిని భూమే లాగుతుంది. ఆ వేగాన్ని బ్రేకులతోనే ఆపుతూ పోతే డ్రమ్ములు, డిస్కులు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. అందుకే ఏ గేర్‌లో ఎక్కామో ఆ గేర్‌లోనే దిగాలంటారు. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళు ఆ పట్టు పోగొట్టుకుంటారు. ఇంజిన్ కూడా ఆపేస్తే బ్రేకుకీ స్టీరింగుకీ ఉండే పవర్ సాయం కూడా పోతుంది. ఇంకో రూల్ కూడా ఉంది, మన లైసెన్స్ టెస్టులో ఎవరూ అడగరు. ఇరుకైన కొండ రోడ్డు మీద దిగే బండే ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఎందుకంటే ఎక్కే లోడ్ లారీ మధ్యలో ఆగితే మళ్ళీ కదలడం కష్టం. హెయిర్‌పిన్ మలుపులో ఆర్టీసీ బస్సు మన సైడ్‌లోకి వచ్చేసిందని తిట్టుకుంటాం గానీ, పొడుగు బండి వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో తిరగవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. వెడల్పుగా తిప్పకపోతే అది తిరగదు.

ఇవన్నీ తెలిసిన డ్రైవర్లకే ఆ రోడ్డు ఒక్కోసారి కలిసిరాదు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్టు బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. అరకు చూసుకుని, కొండ దిగుతుండగా, చీకటి పడ్డాక జరిగింది. మన ప్లాన్ షీట్‌లో కూడా చివరి వరస అదే కదా: రాత్రి, దిగడం, అలసిన డ్రైవర్.

నవంబర్‌లో మన వైపు సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకిపోతుంది. మేం నాలుగున్నర అనుకుని ఐదుంబావుకి బయల్దేరాం. ఎస్.కోటలో టిఫిన్, డముకు వ్యూ పాయింట్, గాలికొండ. అరకు చేరేసరికి పదిన్నర. మ్యూజియంలో ఇరవై నిమిషాలు, బొంగులో చికెన్ కోసం గంటంబావు. పాడేరు మూడున్నర. చింతపల్లి ఐదుంబావు. లంబసింగి చేరేసరికి పూర్తిగా చీకటి. లంబసింగికి జనం తెల్లవారుజాము మంచు కోసం, చెరువులవేనం కొండ మీంచి కిందున్న మబ్బుల కోసం వెళ్తారు. ఆ ఊరికి కొర్రబయలు అనే ఇంకో పేరుంది. చలికాలం రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. అంత చక్కటి పేరున్న ఊళ్ళో మాకు కనపడింది ఒక టీ బడ్డీ, దాని బల్బు.

అక్కడే గొడవైంది. బాబాయ్ ఒక గంట నడుం వాల్చి అప్పుడు ఘాట్ దిగుదామన్నారు. హాస్టల్ గేటు పదిన్నరకి మూసేస్తారని ఇద్దరు వెంటనే దిగాల్సిందేనన్నారు. ఒకడైతే "బాబాయ్, కావాలంటే నేను నడుపుతా, నాకు లైసెన్స్ ఉంది" అన్నాడు. వాడికి లైసెన్స్ వచ్చి నాలుగు నెలలు, అదీ గాజువాక రోడ్డు మీద. బాబాయ్ ఏమీ అనలేదు. తాళం జేబులో వేసుకుని సీటు వెనక్కి వాల్చేశారు. మేం టీలు తాగుతూ గంట కూర్చున్నాం. ఇక్కడ నేను అనేది ఒక్కటే. ఆ నిర్ణయం తీసుకునే ధైర్యం ఆయనకి ఉంది కాబట్టి సరిపోయింది. "సార్లు తొందరపడుతున్నారు" అని భయపడే కొత్త డ్రైవర్ అయితే? కిరాయి ఇచ్చాం కాబట్టి ఆ మనిషి నిద్ర కూడా మనదే అనుకునే ప్లాన్ అది. హాస్టల్ గేటు టైముని బట్టి ఘాట్ దిగకూడదు.

ఇంకో విషయం. దీని గురించి అబ్బాయిలు వేసిన ఏ ప్లాన్‌లోనూ ఒక్క లైన్ చూడలేదు. బాత్‌రూమ్. పదిహేడు గంటల ప్రయాణంలో అమ్మాయిలు నీళ్ళు తాగడం మానేస్తారు. ఎందుకు మానేస్తారో ఎవరూ అడగరు. మా నలుగురిలో ఇద్దరికి సాయంత్రానికి తలనొప్పి వచ్చింది. అందరూ ఘాట్ మలుపుల వల్ల అనుకున్నారు. ఎక్కడ ఆగొచ్చో ముందే రాసుకోని ప్లాన్‌ని నేను ప్లాన్ అనను.

సరే, ప్రాణాల సంగతి చాలు. రెండోది, చూడటం గురించి.

రోడ్డు కూడా చదివే వస్తువే అని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఇంగ్లీష్ మీడియంలో చదివినదాన్ని, తెలుగు బోర్డులు ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతాను. నెమ్మదిగా వెళ్ళే బండిలో అది బాగా పనికొచ్చింది. కొత్తవలస, సుంకరమెట్ట, పెదబయలు, ముంచంగిపుట్టు. వలస అంటే ఎవరో వచ్చి స్థిరపడిన చోటు. మెట్ట అంటే నీరు నిలవని ఎత్తు నేల. బయలు అంటే ఖాళీగా విశాలంగా ఉన్న చోటు. వాగుని ఇక్కడ గెడ్డ అంటారు. ఊరి పేరు చదివితే అక్కడి నేల ఎలా ఉంటుందో సగం అర్థమైపోతుంది. అనంతగిరి దాటాక రోడ్డు పక్కన సిల్వర్ ఓక్ చెట్లు బారులు తీరి ఉంటాయి, వాటికి మిరియాల తీగలు పాకి ఉంటాయి. చూడాల్సింది వాటి కింద నీడలో ఉన్న పొట్టి మొక్కలు. కాఫీ అదే. నవంబర్ నుంచి పళ్ళు ఎర్రబడటం మొదలవుతుంది. అన్నీ ఒకేసారి పండవు కాబట్టి, పండినవి పండినట్టు చేత్తో ఏరుతూ ఒకే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలి. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది. మనం కప్పు ఫోటో పెట్టి అరకు అని ట్యాగ్ చేస్తాం. బుట్ట నడుముకి కట్టుకుని ఏరే మనిషి గంటకి 60 కిలోమీటర్ల వేగంలో కనపడదు.

ఆ రోడ్డుకి అటూ ఇటూ కనపడుతూ దాక్కుంటూ ఒక రైలు మార్గం కూడా ఉంటుంది. కొత్తవలస – కిరండూల్ లైన్. 1960లలో వేశారు. 58 సొరంగాలు. ఈ కొండల్లోంచి అంత కష్టపడి లైన్ ఎందుకు వేశారంటే, బైలదిల్లా ఇనప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి దింపి జపాన్‌కి పంపడానికి. సిమిలిగుడ స్టేషన్ దగ్గర ఆ లైన్ దాదాపు 996 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది. ఇవాళ అద్దాల పెట్టెలో కూర్చుని మనం వీడియోలు తీసుకునే లైన్ అదే.

ఇక దిగే ఘాట్ సంగతి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే దారి గురించి మన టెన్త్ పుస్తకంలో లేని ముక్క ఒకటుంది. రంప తిరుగుబాటు అనగానే మనకి విల్లు, బాణం, కాషాయం గుర్తొస్తాయి. దాని కారణాల్లో రోడ్డు కూడా ఒకటి. 1882 మద్రాస్ అటవీ చట్టం వల్ల పోడు వ్యవసాయానికి, అడవిలో తిరగడానికి అడ్డాలు వచ్చాయి. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆదివాసులని ఈ ఘాట్ రోడ్డు పనుల్లో పెట్టి, సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో కాపుకాసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులని చంపారు. 1924 మే 7న రాజుని కాల్చేశారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఆయన పేరు మీదే జిల్లా వచ్చింది.

ఇదంతా హిస్టరీ క్లాస్ కోసం చెప్పడం లేదు. వరసగా పెట్టి చూడండి. దొరలు సర్కారు పనుల కోసం రోడ్డు వేయించారు. తరవాత ఖనిజం కిందకి దింపడానికి రైలు మార్గం వచ్చింది. ఇప్పుడు మన బళ్ళు వెళ్తున్నాయి. కొండకి దారి వేసిన ప్రతిసారీ కిందవాళ్ళ అవసరం ముందుంది. పైవాళ్ళ అవసరం చూస్తే, మెయిన్ రోడ్డుకి నాలుగైదు కిలోమీటర్ల లోపల ఉన్న కొన్ని ఊళ్ళ నుంచి నెలలు నిండిన ఆడవాళ్ళని ఈ రోజుకీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. మనం వ్యూ పాయింట్ అని ఆగే చోటికి, వాళ్ళు అంబులెన్స్ అందే చోటని నడిచొస్తారు. ఒకే రోడ్డు.

బండిలో మావాడొకడు సీరియస్‌గానే అన్నాడు, "జాబ్ వచ్చాక ఇక్కడ ఒక ఎకరం కొనేద్దాం రా, ఫామ్ హౌస్ కడదాం." అది కుదరదు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి అమ్మడానికి వీల్లేదు. అక్కడివాళ్ళు దాన్ని 1/70 చట్టం అంటారు, 1970లో వచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. ఆ కేసు మొదలైంది మనం గుహలు చూడ్డానికి ఆగే బొర్రా చుట్టుపక్కల ఊళ్ళ నుంచే. ఆ కొండలు ఇంకా మనం ఇష్టపడేలా ఉన్నాయంటే అందులో ఇలాంటి కాగితాలకి, వాటి కోసం కొట్లాడిన మనుషులకి కూడా భాగం ఉంది.

మా సెక్షన్‌లో హుకుంపేట వైపు నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకడున్నాడు. వాళ్ళింట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. తెలుగు ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్నాడు. నాకు ఇంగ్లీష్ మీడియం వల్ల తెలుగు రెండో భాష అయినట్టే, వాడికీ తెలుగు రెండో భాషే. నాకంటే బాగా రాస్తాడు. మా ఫోటోలు చూసి వాడు అన్నది: "మా ఊరు అందరూ చూస్తారే. మా ఊరికి ఎవరూ రారు." కోపంగా అనలేదు. వలిసె పూల పొలంలో ఫోటోకి రైతు ఇరవై రూపాయలు అడిగాడని మావాళ్ళు విసుక్కుంటే, "ఆ పువ్వు నూనె గింజ. తొక్కితే గింజ రాదు. మీ కాలేజీ ల్యాబ్‌లోకి చెప్పులతో రానిస్తారా?" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు, మీ దగ్గర ఉంటే చెప్పండి.

మూడోది, దీని మీద వచ్చే అభ్యంతరాలు. "రాత్రి ఉండటానికి డబ్బుల్లేవు" అంటారు. నిజమే, నా దగ్గరా లేవు. దానికి విరుగుడు చుట్టు తగ్గించడం. పొద్దున కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి అరకులో దిగండి, మధ్యాహ్నం ఆర్టీసీ బస్సులో వెలుగు ఉండగానే కిందకి వచ్చేయండి. బండి కిరాయిలో మీ వాటా కంటే తక్కువే అవుతుంది. బస్సులో సంతకి వెళ్ళే మనుషులు పక్కన కూర్చుంటారు, మాట్లాడొచ్చు. "టూరిస్టులు వస్తేనే కదా వాళ్ళకి ఆదాయం" అనేది రెండోది. అది కూడా నిజమే. కానీ ఆదాయం ఆగినవాళ్ళ నుంచి వస్తుంది. ఆగకుండా పోయే బండి వదిలేది హారన్ మోత, చిప్స్ కవర్లు. వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఇంకేం వదిలి వచ్చారో కాళ్ళ దగ్గర చూస్తే తెలుస్తుంది. "పందొమ్మిదేళ్ళకి కాకపోతే ఇంకెప్పుడు?" అనేది మూడోది. ఇప్పుడే. నేను కాదనడం లేదు. రెండు ఘాట్లని రెండు సార్లు వెళ్దాం అంటున్నాను, అంతే. లిస్టులో నాలుగు ఊళ్ళకి టిక్ పెట్టడం కంటే ఒక్క ఊళ్ళో నాలుగు గంటలు కూర్చోవడం మేలు అని నా లెక్క.

అందుకే క్లబ్ తరఫున ఒక ప్రపోజల్ పెడుతున్నాను. జనవరిలో నర్సీపట్నం – కృష్ణదేవిపేట – లంబసింగి – చింతపల్లి, రెండు రోజులు. చీకటి పడ్డాక బండి కదలదు. డ్రైవర్‌కి విడిగా గది ఉంటుంది, దాని ఖర్చు అందరం పంచుకుంటాం. ఎక్కడెక్కడ ఆగాలో, ఎక్కడ బాత్‌రూమ్ ఉందో ముందే రాసి అందరికీ పంపుతాం. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తెస్తాం. వచ్చే ప్రతి ఒక్కరూ దారిలోని ఒక ఊరి మీద ఒక పేజీ తెలుగులో రాసి తీసుకురావాలి, తప్పులున్నా పరవాలేదు, నావీ ఉంటాయి. ఇంట్లో పర్మిషన్ అడగాల్సినవాళ్ళు "రాత్రి రోడ్డు మీద ఉండం" అని చెప్పండి. మా అమ్మ దగ్గర ఆ మాట పనిచేసింది.

పదహారు సీట్లు. ఒకటి హుకుంపేటవాడిది, వాడు గైడ్‌గా రానన్నాడు, మామూలుగా వస్తానన్నాడు. మిగతావాళ్ళు శుక్రవారంలోగా క్లబ్ రూమ్‌కి వచ్చి పేరు రాయించుకోండి.